మన్యం జ్వరాన్ని లెక్కపెట్టిన చరిత్ర

మన్యం చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తొస్తాయి. 1879 రంప పితూరీ గురించి, 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం గురించి పిల్లలకు పాఠాలు చెబుతాం. ఆ రెండు సందర్భాల్లోనూ కొండలెక్కిన పోలీసులూ సైనికులూ చలిజ్వరంతో మంచం పట్టారు. ఆ జ్వరం మనల్నీ వదల్లేదు. అయితే వాళ్ల జ్వరాలు సర్కారు కాగితాల్లోకి ఎక్కాయి. మన పిల్లల చావులు చాలావరకు ఎక్కలేదు.

ఏ అంటురోగాన్నైనా ఆపాలంటే అది ఎవరికి, ఎక్కడ, ఏ నెలలో వస్తోందో ముందు తెలియాలి. దీన్ని ఆరోగ్యశాఖవాళ్లు నిఘా అంటారు. మన్యంలో ఆ నిఘా ఎలా వచ్చిందో, ఎందుకు సడలిందో మన యువతీయువకులకు తెలియాలి.

మలేరియా అన్న మాటకు అసలు అర్థం చెడుగాలి. చిత్తడి నేలల గాలి వల్ల జ్వరం వస్తుందని ఐరోపావాళ్లు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం కూలడానికి దారి తీసిన పరిశోధన మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను కోసి చూసి, అందులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్న ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. రాస్ పేరు చెప్పినప్పుడు పిల్లలకు ఆ పేరు కూడా చెప్పాలి.

తర్వాత మన కొండల వంతు వచ్చింది. జయపురం కొండలు అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. అక్కడి మలేరియా గురించి పెర్రీ అనే వైద్యుడు చేసిన అధ్యయనం 1914లో అచ్చయింది. ఆ కాలంలో జ్వర తీవ్రతను కొలవడానికి పిల్లల పొట్ట నొక్కి చూసేవారు. కడుపులో బల్ల అని మన పెద్దలు అనేది ఇదే, ప్లీహం ఉబ్బడం. నూరుమంది పిల్లల్లో ఎందరికి బల్ల ఉంటే ఆ ఊళ్లో జ్వరం అంతగా పాతుకున్నట్టు లెక్క.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్లమందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షలమంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టారు. మలేరియా వర్కరు పదిహేను రోజులకోసారి ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఎవరికుందో అడిగి, వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తపూత తీసేవాడు. 1965 నాటికి దేశం మొత్తంలో కేసులు సుమారు లక్షకు తగ్గాయి.

అక్కడే అందరూ నిశ్చింతపడ్డారు. మందుల సరఫరా తగ్గింది. డీడీటీకి దోమలు తట్టుకోవడం నేర్చాయి. ఇల్లిల్లూ తిరిగే పని పలచబడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. రోగం తగ్గగానే నిఘా తగ్గించిన దానికి దేశం చెల్లించిన మూల్యం ఇది.

1977లో పద్ధతి మార్చారు. ఏడాదిలో వెయ్యిమందికి 2 కేసులు, అంతకుమించి వచ్చిన ప్రాంతాల్లోనే గోడలకు మందు కొట్టాలని నియమం పెట్టారు. ఈ నియమాన్ని మనం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. గెడ్డలు పొంగి వర్కరు రాలేకపోయిన ఊళ్లో రక్తపూతలు ఉండవు. రక్తపూతలు లేకపోతే కాగితంలో కేసులు సున్నా. కేసులు లేని చోటికి మందు రాదు. జ్వరం ఎక్కువగా ఉన్న ఊరే కాగితంలో ఆరోగ్యంగా కనిపించే ప్రమాదం ఇందులో ఉంది.

లెక్క సరిగా ఉన్నా, మన బతుకు తెలియకపోతే పని జరగదు. మందు కొట్టిన గోడను పండక్కి ఎర్రమట్టితో అలికితే మందు మట్టి కింద పడిపోతుంది. పోడు కాపలాకు మంచె మీద పడుకునేవాడికి ఇంటి గోడ మందు అక్కరకు రాదు. మన కొండల్లో మలేరియాను మోసే ఒక రకం దోమ మురికి గుంటల్లో కాదు, మెల్లగా పారే తేటనీటి గెడ్డల్లో, ఊటల్లో పెరుగుతుంది. ఇవన్నీ తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. అడిగినవాళ్లే తక్కువ.

1977 పద్ధతిలో ఒక మంచి విషయమూ ఉంది. జ్వరం మందుల కేంద్రాలను ఊరివాళ్లకే, చాలాచోట్ల బడిపంతుళ్లకే అప్పగించారు. ఆ పనే ఇవాళ ఆశా కార్యకర్త చేస్తోంది. సంచిలో ఉన్న కిట్‌తో అరగంట లోపే మలేరియా ఉందో లేదో చెబుతోంది. మన భాషలో మాట్లాడే మన ఆడబిడ్డ కాబట్టి ఆమెకు ఇంటివాళ్లు నిజం చెబుతారు. దిసారి దగ్గరికి వెళ్లే కుటుంబాన్ని కూడా ఆమె కోప్పడకుండా పరీక్షకు ఒప్పించగలదు.

దేశ జనాభాలో ఆదివాసులం నూటికి 8 మంది పైచిలుకు ఉన్నాం. మలేరియా చావుల్లో దాదాపు సగం మనవేనని ఆదివాసీ ఆరోగ్యంపై కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో చెప్పింది. 2030 నాటికి మలేరియాను లేకుండా చేయాలన్నది దేశ లక్ష్యం. కేసులు తగ్గుతున్న ఈ కాలంలోనే 1965 తర్వాత జరిగింది గుర్తుంచుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. హాజరుపట్టీలో గైర్హాజరు గీత పెట్టేటప్పుడు, జ్వరమైతే పక్కన జ్వరం అని రాయండి. ఒకే వీధి పిల్లలు ముగ్గురు నలుగురు వరుసగా జ్వరంతో మానేస్తే అదే రోజు ఆశాకు, ఆరోగ్య ఉపకేంద్రానికి కబురు చేయండి. చదువుకున్న యువత మీ ఊళ్లో ఈ ఏడాది ఎన్ని రక్తపరీక్షలు జరిగాయో, ఎన్ని దోమతెరలు వచ్చాయో గ్రామసభలో అడగాలి. మన జ్వరం లెక్కలోకి ఎక్కితేనే మందు మన ఊరికి ఎక్కుతుంది.