కాచురంగు ఆకు

వరిలో జింకు లోపాన్ని ఉత్తరాది రైతులు ‘ఖైరా’ అంటారు. ఆ పేరు ఖైర్ చెట్టు నుంచి వచ్చిందని తెలిసిన రోజు నాకు పండగే. ఖైర్ అంటే పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవిలో పెరిగే మన సండ్రే. దాని చేవను తరిగి ఉడకబెడితే దిగేది తాంబూలంలో వేసుకునే కాచు. జింకు చాలని వరికి ముదురాకుల కొసన, మధ్య ఈనెకు అటూ ఇటూ పడే తుప్పు మచ్చలది అచ్చం ఆ రంగే.

ఆకుకు నేరుగా తిండి పెట్టవచ్చని 1843లో ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రీ చూపించాడు. పాలిపోయిన ఆకుల మీద ఇనుప లవణం కలిపిన నీళ్లు పడితే పచ్చదనం తిరిగొచ్చింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాటేసి పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చేస్తాను. నా మనసు అక్కడే ఉంది.

హిమాలయాల కింద తరాయి. అడవి నరికి సాగులోకి తెచ్చిన నేల. నాటిన కొద్ది వారాలకే వరి గిడసబారి, దుబ్బు చేయక, ఎర్రబడిపోయేది. యశ్వంత్ లక్ష్మణ్ నెనే అక్కడి తెగుళ్ల శాస్త్రవేత్త. అయినా ఇది ఏ క్రిమి పనీ కాదు, జింకు కరువని 1966లో తేల్చి చెప్పారు. నీళ్లు నిలిచిన మడిలో జింకు మట్టిలో ఉన్నా వేరుకు సరిగా అందదు. అందుకే ఆకు మీద కొట్టాలి: హెక్టారుకు 5 కిలోల జింకు సల్ఫేటు, 2.5 కిలోల సున్నం, వెయ్యి లీటర్ల నీళ్లు. ఆకు మాడకుండా కాపాడేది ఆ సున్నమే. కాచు పక్కన సున్నం! తమలపాకు మీది జత వరి ఆకు మీదికి ఎలా చేరిందో చూడండి.

నెనే ఆ తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థకు వచ్చారు. సురపాలుడి వృక్షాయుర్వేదం రాతప్రతిని ఆక్స్‌ఫర్డ్ నుంచి తెప్పించి, నళినీ సాధలే చేత ఇంగ్లీషులోకి అనువాదం చేయించారు. సికింద్రాబాదులో తాను నెలకొల్పిన సంస్థ ద్వారా 1996లో అచ్చు వేయించారు. మాంసం, ఎముకలు ఉడికించి పులియబెట్టిన కుణపజలం మొక్కకు పోయాలని చెప్పే గ్రంథం అది. మన చెట్ల వైద్యం మనకు చేరడానికి సముద్రం దాటి రావలసి వచ్చింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆకుకు పెట్టే తిండి దగ్గరికే మళ్లీ వస్తే, గోధుమ పండే చోట పూత తర్వాత యూరియా ద్రావణం కొట్టి గింజలో మాంసకృత్తులు పెంచుతారు. ఖమ్మం వైపు వరికి లీటరు నీళ్లలో 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొడతారు. దాన్నీ ‘మందు కొట్టడం’ అనే అంటారు. పురుగును చంపేదీ మందే, పైరుకు తిండి పెట్టేదీ మందే. తిండిని తిండి అనే మాట ఎక్కడో జారిపోయింది. వసంతాలాడే చిమ్మనగ్రోవి అనే మాట పోయి పిచికారీ మిగిలినట్టే ఇదీ.

దమ్మపేట దగ్గర ఒక పెద్దాయనకు ఖైరా కథ చెప్పాను. ఆయన మడిలోంచి ఎర్రబడ్డ ఆకు ఒకటి తుంచి, పశువుల కొట్టం దాకా నడిచాడు. గుంజ మీద గొడ్డలి దెబ్బకు బయటపడ్డ చేవకు దాన్ని ఆనించి చూశాడు. ఆ గుంజ సండ్రది.