రన్‌వేపై మొదలైన రేసు
- దక్షిణాదిలో మోటారు పందేలకు ఏడు దశాబ్దాల చరిత్ర
- షోళవరం నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఎన్నో మలుపులు

సూళ్లూరుపేట: నెల్లూరు వైపు నుంచి జాతీయ రహదారి మీదుగా చెన్నై వెళ్లేవారికి రెడ్‌హిల్స్ రాకమునుపే షోళవరం తగులుతుంది. బస్సు కిటికీలోంచి చూస్తే అదొక సాధారణ గ్రామమే. అయితే దక్షిణ భారతాన మోటారు క్రీడ ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విమాన రన్‌వే యుద్ధానంతరం కార్లకు, మోటారు సైకిళ్లకు పందెపు బరిగా మారింది.

క్లబ్బు చేతికి పగ్గాలు
1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడటంతో పందేలకు ఒక క్రమం ఏర్పడింది. విదేశీ కార్ల దిగుమతిపై ఆంక్షలున్న ఆ రోజుల్లో ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లకే మార్పులు చేసి బరిలోకి దించేవారు. డ్రైవరు నేర్పు ఎంతో, ఇంజిన్‌ను విప్పి బిగించే మెకానిక్ పనితనమూ అంతే కీలకంగా ఉండేది. ఆ తరం నిర్వాహకుల్లో ఇందు చందోక్ ముఖ్యులు. దేశవ్యాప్తంగా క్లబ్బులను ఒక గొడుగు కిందకు తెచ్చే సమాఖ్య 1971లో ఆవిర్భవించింది.

రన్‌వే విశాలమే అయినా విమానాల కోసం వేసినది. రేసుకు అవసరమైన మలుపులు, అదుపు తప్పిన వాహనం నిలదొక్కుకునేందుకు ఖాళీ జాగా అక్కడ సహజంగా ఉండవు. వేగం పెరిగేకొద్దీ ప్రత్యేక ట్రాక్ తప్పనిసరి అయింది. శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంతంగా నిర్మించిన 3.7 కిలోమీటర్ల ట్రాక్ 1990లో ప్రారంభమైంది. దాంతో షోళవరం శకం ముగిసింది.

కోయంబత్తూరు కార్ఖానాలు
జౌళి మిల్లులకు, పంపుసెట్లకు పేరొందిన కోయంబత్తూరు ఈ క్రీడకు రెండో ఇల్లయింది. అక్కడి కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో ఒంటిసీటు రేసు కార్లు తయారుచేయించి, 1988లో 'ఫార్ములా మారుతి' తరగతికి శ్రీకారం చుట్టారు. కోటీశ్వరులకే పరిమితమైన ఒంటిసీటు రేసింగ్ అలా కొంతమేర యువతకు అందుబాటులోకి వచ్చింది. 1995లో తేలికపాటి విమానం కూలి ఆయన కన్నుమూశారు. 2003లో కోయంబత్తూరు వద్ద ప్రారంభమైన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఫార్ములా మారుతి కార్లతో తొలి అడుగులు వేసిన నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో ప్రవేశించారు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడు ఆయనే. అదే ఏడాది అమెరికా గ్రాండ్‌ప్రిలో ఆరు కార్లే పోటీపడగా నాలుగో స్థానంలో నిలిచారు. ఇందు చందోక్ మనవడు కరుణ్ చందోక్ 2010లో ఆ స్థాయికి చేరారు. బెంగళూరుకు చెందిన సి.ఎస్.సంతోష్ 2015లో కఠినమైన డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యారు. 2019లో అదే నగరానికి చెందిన ఐశ్వర్య పిస్సే మోటారు సైకిల్ బాజా పోటీల మహిళల ప్రపంచకప్ గెలిచారు.

తెలుగునాట ఆశలు, నిరాశలు
హైదరాబాద్ శివార్లలోని గోపనపల్లి వద్ద ఫార్ములా వన్ ట్రాక్ నిర్మించాలని 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. 2004లో ప్రభుత్వం మారాక ఆ యోచన అటకెక్కింది. చివరకు ఫార్ములా వన్ 2011లో ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాకు వచ్చింది. మూడేళ్లూ సెబాస్టియన్ వెటెలే విజేత. పన్నుల వివాదాల నడుమ 2013 తర్వాత ఆ పోటీ మళ్లీ జరగలేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. రోడ్ల మూసివేతతో నగరవాసులు ట్రాఫిక్ ఇక్కట్లు ఎదుర్కొన్నారు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు ప్రభుత్వ మార్పు అనంతరం రద్దయింది. నిర్వాహకులకు చేసిన చెల్లింపులపై అదే ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు నమోదైంది. చెన్నైలో మాత్రం 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో దీపాల వెలుగులో వీధి రేసు నిర్వహించారు.

భద్రతే అసలు పరీక్ష
ట్రాక్ ఉన్నంత మాత్రాన ముప్పు తొలగదు. 2023 జనవరిలో ఇరుంగాట్టుకోట్టైలో జరిగిన ప్రమాదంలో 59 ఏళ్ల అనుభవజ్ఞుడైన డ్రైవరు మరణించారు. అదే ఏడాది ఆగస్టులో అక్కడే 13 ఏళ్ల బాలుడు బైక్ రేసులో ప్రాణాలు కోల్పోయాడు. ఏ వయసు నుంచి పిల్లలను బరిలోకి దించాలన్న ప్రశ్న అప్పుడు బలంగా వినిపించింది.

అయినా అనుమతి పొందిన ట్రాక్‌లో ఎదురుగా వాహనం రాదు. అంబులెన్సు, వైద్యుడు సిద్ధంగా ఉంటారు. శిరస్త్రాణం, రక్షణ దుస్తులు లేనిదే బరిలోకి అనుమతించరు. రాత్రివేళ జాతీయ రహదారులపై పందేలు కాసే కుర్రాళ్లకు ఇవేవీ ఉండవు. వారికే కాదు, ఆ దారిన ఇంటికి చేరాల్సిన బాటసారికీ ఉండవు. షోళవరంలో ఖాళీ రన్‌వేను వెతుక్కున్న నాటి తరం పందేన్ని రోడ్డుపై నుంచి తప్పించింది. పెద్ద సర్క్యూట్ లేని తెలుగు రాష్ట్రాల్లో ఆ పని ఇంకా మిగిలే ఉంది.