తిలా పాపం తలా పిడికెడు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగితే, "డి.ఏ. బకాయిల చరిత్ర తప్ప నాకేం తెలుసునండీ" అని నవ్వేశాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. ఈమధ్య మనలో చాలామందిమి పిల్లల దగ్గరికని అమెరికాకో ఆస్ట్రేలియాకో విమానమెక్కుతున్నాం. బెల్టు పెట్టుకోగానే పైలటు మీద భారం వేసి కళ్లు మూసుకుంటాం. ఆ పైలటుకి దారి చెప్పే మనిషొకడు నేలమీద కూర్చుని ఉంటాడని మనకి గుర్తు రాదు. అతన్నే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అంటారు. అతనికీ పైలట్లకీ మధ్య పొరపాటు ఎలా దూరుతుందో చెప్పే మూడు ప్రమాదాల సంగతి చదివాను. ముప్పైయేళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కనుక అవి నాకు కొత్తగా అనిపించలేదు. ఎందుకో చివర మనవి చేస్తాను.

మొదటిది 1977 మార్చి 27న, స్పెయిన్ దేశపు కానరీ దీవుల్లోని టెనెరిఫెలో జరిగింది. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలను ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. ఉన్నది ఒకటే రన్‌వే. పక్కదారి నిండా విమానాలు నిలిచిపోయాయి. దానికితోడు పొగమంచు కమ్ముకుంది. టవరులో ఉన్నవారికి రన్‌వే కనబడదు, నేలమీది విమానాలను చూపే రాడారు లేదు. కె.ఎల్.ఎం. వారి బోయింగ్ 747 రన్‌వే చివర సిద్ధంగా ఉంది. పాన్ యామ్ వారి 747 అదే రన్‌వే మీద ఎదురుగా మెల్లగా వస్తోంది.

కంట్రోలరు కె.ఎల్.ఎం.కి ఎగిరాక పోవలసిన దారి చెప్పాడు. ఎగరమని ఇంకా చెప్పలేదు. కాని ఆ వాక్యంలో 'టేకాఫ్' అనే మాట దొర్లింది. డ్యూటీ గంటల గడువు దగ్గరపడి తొందరలో ఉన్న కెప్టెన్ బయలుదేరాడు. సహ పైలటు రేడియోలో అన్న మాట 'టేకాఫ్ చోట ఉన్నాం' అనీ అర్థమవుతుంది, 'టేకాఫ్ అవుతున్నాం' అనీ అర్థమవుతుంది. కంట్రోలరు 'ఓకే' అని ఒక్క క్షణం ఆగి, నేను పిలిచేదాకా ఉండమన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ వారు తామింకా రన్‌వే మీదే ఉన్నామన్నారు. రెండు మాటలూ ఒకదానిమీద ఒకటి పడి ఈల మోత వచ్చింది. కె.ఎల్.ఎం. ఇంజనీరుకి అనుమానం వచ్చి అడిగాడు. ఆ కంపెనీలో పెద్ద పేరున్న కెప్టెన్, దారి ఖాళీయేనని గట్టిగా అనేశాడు. ఇక అతను మళ్లీ అడగలేదు. పెద్దాయన అన్నాక చిన్నవాడు మళ్లీ నోరెత్తకపోవడం మన ఆఫీసుల్లో మనం చూడనిదా! 583 మంది పోయారు. విమాన ప్రమాదాల్లో అంతమంది పోయినది ఇప్పటికీ మరొకటి లేదు. ఆ తర్వాత, నిజంగా ఎగరమన్నప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట వాడకూడదని నియమం పెట్టారు. కింది ఉద్యోగి ధైర్యంగా అడగడం, పైవాడు వినడం ఒక శిక్షణగా మారింది.

రెండవది మన దేశంలోదే. 1996 నవంబరు 12 సాయంత్రం, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద. ఢిల్లీ నుంచి సౌదీ అరేబియాకు బోయింగ్ 747 లేచింది. అందులో పొట్టకూటికి గల్ఫ్ పోతున్న మనవాళ్లు ఎందరో. ఎదురుగా కజకిస్తాన్ విమానం దిగుతోంది. దాన్ని 15,000 అడుగుల ఎత్తున ఉండమన్నారు, సౌదీ విమానాన్ని 14,000 దగ్గర. మధ్య వెయ్యి అడుగులు. ఎదురుగా విమానముందని, దాని ఎత్తు ఎంతో కూడా కంట్రోలరు చెప్పాడు. అయినా కజక్ విమానం కిందికి దిగిపోయింది. రెంటిలోనూ కలిపి 349 మంది. ఒక్కరూ మిగల్లేదు.

జస్టిస్ ఆర్.సి. లాహోటీ విచారణ జరిపి, కజక్ సిబ్బంది ఆజ్ఞ లేకుండా దిగడమే మూలకారణమన్నారు. దాని వెనక ఏముందో కూడా చెప్పారు. ఇంగ్లీషు సరిగా రాకపోవడం ఒకటి, సిబ్బంది మధ్య పొందిక లేకపోవడం ఒకటి. అక్కడ రేడియోలో మాట్లాడేది పైలటు కాదు, వేరే ఉద్యోగి. ఇటు ఢిల్లీలో అప్పుడున్న రాడారు దూరం చూపేదే గాని ఎత్తు చూపేది కాదు. వచ్చే విమానాలకీ పోయే విమానాలకీ ఆకాశంలో ఒకటే దారి. తర్వాత దారులు వేరుచేశారు, ఎత్తు చూపే రాడారు పెట్టారు, ఎదురు విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రం విమానాల్లో తప్పనిసరి చేశారు.

మూడవది ఆ యంత్రం ఉండి కూడా జరిగింది. 2002 జూలై 1 రాత్రి, జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద. ఆ ఆకాశం స్విట్జర్లాండు కంట్రోలర్ల చేతిలో ఉండేది. ఇద్దరిలో ఒకరు విశ్రాంతికి పోవడం అక్కడ అలవాటే, పైవారికీ తెలుసు. ఉన్న ఒక్కడూ రెండు సీట్లు చూస్తున్నాడు. మరమ్మతుల కోసం ఫోను లైను ఆపారు, రాడారు హెచ్చరికా పూర్తిగా పనిచేయడం లేదు. పక్క కేంద్రం వారికి ప్రమాదం కనబడి ఫోను చేస్తే కలవలేదు. ఆఖరి క్షణంలో అతను చూసి రష్యా విమానాన్ని దిగమన్నాడు, విమానంలోని యంత్రం ఎక్కమంది. పైలటు మనిషి మాట విన్నాడు. రెండో విమానం తన యంత్రం మాట విని దిగుతోంది. 71 మంది పోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. 2004లో, భార్యాపిల్లల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ కంట్రోలరు ఇంటికి వెళ్లి అతన్ని చంపేశాడు. 2007లో స్విస్ కోర్టు, ఆ సంస్థ అధికారులు నలుగురిని దోషులంది. అప్పటికి ఆ కంట్రోలరు లేడు. అలాంటప్పుడు యంత్రం మాటే వినాలని ఇప్పుడు నియమం.

ఇక నా సంగతి. 1984లో నేనొక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. మార్చి నెల. పక్క సీటు ఆవిడ ప్రసూతి సెలవులో ఉంటే ఆ సీటూ నాకే అంటగట్టారు. రిటైరవుతున్న ఒక అటెండరు పెన్షన్ కాగితాలు కొత్తగా చేరిన కుర్రాడు టైపు చేశాడు. 31 ఏళ్ల సర్వీసు 21 అని పడింది. సర్వీసు రిజిస్టరుతో పోల్చి చూడవలసింది నేను. చూడకుండానే టిక్కు పెట్టి ఇనీషియల్ వేశాను. నా ఇనీషియల్ చూసి సూపరింటెండెంటు, ఆయన సంతకం చూసి అధికారి సంతకాలు పెట్టారు. కాగితాలు అభ్యంతరంతో తిరిగొచ్చాయి. పెన్షన్ చేతికందడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఏడు ఆయన కూతురి పెళ్లి ఆగిపోయింది.

మెమో ఎవరికిచ్చారో మీరు ఊహించే ఉంటారు. టైపు చేసిన కుర్రాడికి. ఒక ఇంక్రిమెంటు కూడా ఆపారు. రెండు సీట్ల భారం ఎవరూ అడగలేదు. చదవని సంతకాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మేం మాత్రం పాపమంతా ఒకడి దోసిట్లోనే పోశాం.

పొరపాటు చేసినవాణ్ణి శిక్షించి ఊరుకుంటే, ఆ పొరపాటుకి కారణం అదే కుర్చీలో ఇంకొకడి కోసం కాచుకుని ఉంటుంది. విమానాలవారు ఇన్ని వందల ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠమిది. కారణం తెలియాలంటే మాత్రం, ఉన్నవాళ్లు నిజం చెప్పాలి.

ఆ కుర్రాడు కూడా రిటైరై ఇప్పుడు మన సంఘంలోనే సభ్యుడు. ఈ సంచిక అతనికీ అందుతుంది. నాయనా, ఆ 21 పక్కన టిక్కు పెట్టింది నేనే. ఆ రోజే చెప్పవలసింది.