చిలంచీ నుంచి టేబుల్‌టాప్ బేసిన్ దాకా: చేతులు కడిగే పాత్ర కథ



గత నెలలో అమీర్‌పేటలోని మా ఫ్లాటులో స్నానాలగదిని బాగుచేయించ తలపెట్టాము. పాత గోడ బేసిన్ అంచు పగిలి చాలాకాలమైంది. కొత్తది చూద్దామని ఒక సాయంత్రం నేనూ నా శ్రీమతీ పంజాగుట్ట వైపు బయలుదేరాము. పంజాగుట్ట, సోమాజిగూడ దారుల్లోని స్నానాలగది సామగ్రి షోరూములు మీలో చాలామందికి తెలిసినవే. ఇప్పుడు అక్కడ ముందువరుసలో కనిపిస్తున్నది టేబుల్‌టాప్ బేసిన్. గట్టులో ఇమిడిపోకుండా, గ్రానైట్ బండ మీద పెద్ద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు ఉంటుంది.

నా శ్రీమతి దానిని చూడగానే, "ఏమండీ, ఇది మా తాతగారింట్లో పెళ్ళివారి చేతులు కడిగించిన ఇత్తడి పళ్ళెంలా ఉంది కదూ!" అన్నది. మెచ్చుకుంటూ దాని అంచు మీదుగా చేతులు చాపబోయి, మధ్యలోనే ఆగిపోయింది. రెండేళ్లుగా ఆమెకు భుజం బిగుసుకొని ఉన్నది. చేయి అంత ఎత్తుకు లేవలేదు.

ఆ పాత్ర ఎంత అందమైనదైనా, ఆమెకు అది చేతులు కడుక్కునే చోటు కాదు. మా ఐదేళ్ల మనవడికీ కాదు. ఇంటికి వచ్చాక ఈ చిన్న సంగతి వెంబడి ఆలోచన చాలాదూరం సాగింది. చేతులు కడిగే పాత్రకు పెద్ద చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే బేసిన్ ఎంపిక సులువవుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

పైనుంచి పోసే నీరు, కింద పట్టే పళ్ళెం

దక్కను నవాబుల ఇళ్లలో దస్తర్‌ఖాన్ పరిచే ముందు, భోజనం ముగిసిన తర్వాత, సేవకుడు అతిథుల వద్దకు రెండు పాత్రలు తెచ్చేవాడు. ఒకటి ఆఫ్తాబా, అంటే సన్నని కొమ్ము ఉన్న నీళ్ల పాత్ర. రెండవది చిలంచీ, అంటే వెడల్పు అంచు గల పళ్ళెం. ఆఫ్తాబాతో చేతుల మీద నీరు పోస్తే, కడిగిన నీరు చిలంచీలో పడేది. బీదరు పనివారు నల్లని లోహంలో వెండి తీగె పొదిగి చేసిన ఇటువంటి పాత్రలు నేడు మ్యూజియం వస్తువులయ్యాయి. నవాబు ఫక్రుల్ ముల్క్ పంజాగుట్ట పక్కన ఎత్తైన గుట్ట మీద ఎర్రమంజిల్ కట్టించిన కాలంలో, ఈ మర్యాద కులీనుల విందుల్లో నిత్యకృత్యం.

సామాన్యుల ఇళ్లలో వెండి తీగె లేదు గాని పద్ధతి అదే. ఇంటికి వచ్చినవారికి ముందుగా కాళ్లకు నీళ్లు ఇచ్చేవారు. గాబులోనో గంగాళంలోనో ఉన్న నీటిని చెంబుతో ముంచి, ఒకరు పోస్తుంటే మరొకరు కడుక్కునేవారు. గంగాళంలో నేరుగా చేయి ముంచితే పెద్దలు కసిరేవారు.

ఈ రెండు ఆచారాలలోనూ ఒక సమానాంశం ఉన్నది. చేతిని తాకిన నీరు మళ్లీ చేతికి రాదు. పైనుంచి శుభ్రమైన నీరు పడుతుంది, మురికి కిందికి పోతుంది. సూక్ష్మజీవుల పేరైనా తెలియని కాలంలో, వైద్యశాస్త్రం తర్వాత ఒప్పుకున్న సూత్రాన్ని మన పెద్దలు చెంబుతో పాటించారు. ఐరోపా ఇళ్లలో అదే కాలంలో పడకగది మూల చెక్క బల్ల మీద కూజా, గిన్నె ఉండేవి. అక్కడ నీటిని గిన్నెలో నింపుకొని, ఆ నిలువనీటిలోనే ముఖమూ చేతులూ కడుక్కోవడం వాడుక. నేటి టేబుల్‌టాప్ బేసిన్ రూపానికి మాతృక ఆ బల్ల మీది గిన్నే. 1994లో ఫ్రెంచి రూపకర్త ఫిలిప్ స్టార్క్ బాల్చీ, తొట్టి వంటి పాత పాత్రల రూపాలను మళ్లీ స్నానాలగదిలోకి తెచ్చాడు. అటువంటి ప్రయత్నాలతో గిన్నె తిరిగి బల్ల ఎక్కింది. దానికి తోడుగా ఈసారి కుళాయి ఉన్నది.

వియన్నాలో ఒక పళ్ళెం

వైద్యులు చేతులు కడుక్కోవడం నేర్చినది చాలా ఆలస్యంగా. 1847లో వియన్నా సార్వజనిక ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు ఉండేవాడు. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. వైద్యులూ వైద్య విద్యార్థులూ పనిచేసే మొదటి విభాగంలో, మంత్రసానులు పనిచేసే రెండవ విభాగంలో కంటే చాలా ఎక్కువమంది తల్లులు సూతికా జ్వరంతో మరణించేవారు. శవపరీక్ష గది నుంచి వైద్యుల చేతులే ఆ విషాన్ని మోసుకొస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. ఆ ఏడాది మే మాసంలో, గర్భిణిని పరీక్షించే ముందు ప్రతివారూ క్లోరిన్ కలిపిన సున్నపు నీటిలో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మందికి పైగా ఉన్న మరణాలు జూన్ నాటికి నూటికి 2 మందికి తగ్గాయి.

ఆ పళ్ళెంలోని నీరు పారే నీరు కాదు. తల్లులను కాపాడినది అందులోని క్లోరిన్. ఈ తేడాను తర్వాతి తరాలవారు మరచిపోయారు. నేను వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక వార్డులో ఇనుప స్టాండు మీద తెల్లని ఎనామిల్ గిన్నె ఉండేది. అందులో పాలలా తెల్లబారిన మందునీళ్లు. పెద్ద డాక్టరుగారు ఒక్కొక్క రోగినీ చూసి, ఆ నీటిలో వేళ్లు ముంచి, పక్కనే వేలాడే ఒకే తువాలుకు తుడుచుకొని తర్వాతి మంచం వద్దకు వెళ్లేవారు. వారి వెనుక మేమూ అదే చేసేవాళ్లం. మధ్యాహ్నానికి ఆ నీరు ఏ స్థితిలో ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. మా అమ్మమ్మ చెంబు ఆ గిన్నె కంటే ఎంతో శాస్త్రీయమైనది.

నీరు ఇంటిలోకి వచ్చిన కథ

పారే నీరు ప్రతి ఇంటికీ అందాలంటే చెంబు చాలదు. మన నగరానికి ఆ పాఠం విషాదంతో వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద నివారణకూ నగర పారిశుద్ధ్యానికీ ప్రణాళికలు వేయించింది. 1911లో ప్లేగు వచ్చింది, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే నగరపు దాహం తీర్చాయి. నగరం పెరిగిన కొద్దీ 1965లో మంజీరా నీరు, 2004లో కృష్ణా నీరు వచ్చి చేరాయి.

అమీర్‌పేటలో నీటికి అంతకంటే పాత ఆనవాలు ఒకటున్నది. బల్కంపేట ఎల్లమ్మ తల్లి నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉన్నది. ఆ నీటినే భక్తులు తీర్థంగా స్వీకరిస్తారు. ఈ ప్రాంతం ఒకనాడు బావుల మీద బతికిందని ఆ తల్లి సన్నిధి గుర్తుచేస్తుంది. ఇక్కడికి దగ్గరలోని బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. నీరు ఎంత ప్రాణదాతో, నిలువ ఉంచిన చోట అంత ప్రమాదకరమని తెలిపే జాడలు మన ఇరుగుపొరుగునే ఉన్నాయి.

బేసినే జబ్బు తెచ్చినప్పుడు

కుళాయి వచ్చింది కనుక భయం తీరిందనుకోరాదు. రెండు ఉదంతాలు చెబుతాను.

2004 డిసెంబరు నుంచి 2006 మార్చి వరకు కెనడాలోని టొరంటోలో ఒక పెద్ద ఆసుపత్రిలో 36 మంది రోగులకు మందులకు లొంగని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకింది. వారిలో 17 మంది మరణించారు. 12 మరణాలలో ఆ క్రిమి పాత్ర ఉన్నదని తేలింది. మూలం ఎక్కడో వెదకగా, సిబ్బంది చేతులు కడుక్కునే బేసిన్ల నీరుపోయే గొట్టాలలో అది గూడుకట్టుకొని ఉన్నది. మెరిసే రంగు వేసి పరీక్షిస్తే, కుళాయి విప్పినప్పుడు గొట్టంలోని తుంపర్లు కనీసం ఒక మీటరు దూరం ఎగురుతున్నట్టు కనిపించింది. మందులతో కడిగినా ఫలితం లేదు. తుంపర్లు చిందకుండా బేసిన్ల అమరికనే మార్చిన తర్వాత గాని ఆ వ్యాధి ఆగలేదు.

రెండవది 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో జరిగింది. అక్కడ 300 మందికి పైగా సార్స్ సోకింది. స్నానాలగది నేలమీది ట్రాపులలో నీరు ఎండిపోవడంతో మురుగు గొట్టాల గాలి ఇళ్లలోకి వచ్చిందని పరిశోధకులు తేల్చారు. ట్రాప్ అంటే గొట్టపు వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిపి దుర్గంధాన్ని ఆపే ఏర్పాటు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డికి ఇటువంటి వంపు గొట్టాన్ని అమర్చి పేటెంటు పొందాడు. రెండున్నర శతాబ్దాలుగా ఆ గుక్కెడు నీరే మనకు కాపలా కాస్తున్నది.

ఈ ఉదంతాలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆరోగ్యవంతుల ఇంటి బేసిన్ ఐసీయూ బేసిన్ వంటిది కాదు. అయినా కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు నేడు మన ఇళ్లలోనే ఉంటున్నారు. వారికి ఈ జాగ్రత్త అవసరం.

మీరు ఎంచుకునేటప్పుడు

ఎత్తు: బేసిన్ అంచు నేల నుంచి సుమారు 80 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలామందికి అనువు. టేబుల్‌టాప్ గిన్నె తానే 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. పాత గట్టును అలాగే ఉంచి దాని మీద గిన్నె పెడితే అంచు 95 సెంటీమీటర్లు దాటవచ్చు. కనుక గట్టునే 65 నుంచి 70 సెంటీమీటర్లకు దించమని మేస్త్రీకి ముందే చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే జారని పీట ఒకటి వేయండి.

కుళాయి: ఆఫ్తాబాను మరచి చిలంచీని మాత్రమే కొనకండి. రెండింటినీ కలిపి చూడాలి. నీటిధార సూటిగా రంధ్రంలో పడరాదు, గిన్నె పక్కగోడ మీద పడాలి. కుళాయి కొన అంచుకంటే పైన ఉండాలి, కాని ధార చిందేటంత ఎత్తున కాదు. లోతులేని పళ్ళేల వంటి గిన్నెలు చూడటానికి బాగుంటాయి గాని నీటిని నేల మీదికి చిమ్ముతాయి. తడి నేల మీద జారి తుంటి విరిగిన వృద్ధులను నేను ఎందరినో చూశాను. పంజాగుట్టలోని నిమ్స్ తొలుత ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. స్నానాలగదిలోంచి నేరుగా అక్కడికి వెళ్లవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

పదార్థం: మెరుగు చెదరని పింగాణీకి సాటి లేదు. రాతి గిన్నెలకు సన్నని రంధ్రాలు ఉంటాయి. పైగా బోరునీటి తెల్లని మరకలు పోగొట్టడానికి యాసిడ్ వాడితే పాలరాయి పాడవుతుంది. గాజుకు ప్రతిపూటా తుడుపు కావాలి. గిన్నె అడుగుకూ బండకూ నడుమ వేలు పట్టని సందు ఉంటే మురికి చేరుతుంది. అక్కడ సిలికాన్ సక్రమంగా పట్టించండి.

నీరు పోయే దారి: చాలా టేబుల్‌టాప్ గిన్నెలకు పొంగునీరు పోయే రంధ్రం ఉండదు. అది లోపం కాదు, మూత బిగించి కుళాయి విప్పి మరచిపోకుండా ఉంటే చాలు. ఎప్పుడూ తెరిచి ఉండే జల్లి అమర్చుకోవడం మేలు. నీటిని నిలువచేయని బేసినే మంచి బేసిన్. వాడకం తక్కువగా ఉన్న అతిథుల గదిలో, ముఖ్యంగా ఎండాకాలంలో, వారానికొకసారి బేసిన్‌లోనూ నేల జల్లిలోనూ ఒక మగ్గు నీరు పోయండి. పళ్లు తోముకునే బ్రష్షులను బేసిన్ పక్కన కాక, కొంచెం దూరంగా ఉంచండి.

చివరకు మేమూ టేబుల్‌టాప్ బేసినే కొన్నాము. ఆ తెల్లని గుండ్రని పింగాణీ గిన్నె నా శ్రీమతికి నచ్చింది, కాదనడానికి నాకు మనసు రాలేదు. అయితే గట్టును 67 సెంటీమీటర్లకు దించిన తర్వాతనే దానిని బిగించనిచ్చాను. "ఇంత కిందికా సార్?" అని ప్లంబర్ రెండుసార్లు అడిగాడు. పని పూర్తయిన రోజు ఆమె భుజం ఎత్తకుండానే చేతులు కడుక్కున్నది. మనవడు పీట ఎక్కి, ఎవరూ చెప్పకుండానే సబ్బు అందుకున్నాడు.

మీరు షోరూముకు వెళ్లేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవారినీ, అందరికంటే చిన్నవారినీ వెంట తీసుకువెళ్లండి. ఏ గిన్నె ముందైనా వారిద్దరినీ నిలబెట్టి చేతులు చాపమనండి. వారికి అందే పాత్రనే కొనండి.