అయిదు చిట్టాల సంభాషణము

పూర్వము రైలుబండిలో పడక కోరువారి పేళ్లు చిట్టాలో వ్రాయఁబడుచుండెడివి. బండి బయలుదేరు చోటనే చిట్టా యుండెడిది. కాశినుండి తిరుగు ప్రయాణమునకు స్థలము కావలసినచో నిచ్చటి గుమాస్తా తంతి నంపి ప్రత్యుత్తరమునకై వేచియుండవలెను. తిరుగుస్థలము నిశ్చయము కాకయే కాశికి బయలుదేరిన వృద్ధులను నే నెఱుఁగుదును.

1985లో ఢిల్లీయందుఁ బ్రయోగముగా కంప్యూటరు ఆ చిట్టా స్థానమున నిలిచెను. పిదప బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులందును యంత్రములు వెలసెను. అయినను నొకదాని లెక్క వేఱొకదానికిఁ దెలియదు. రైల్వేవారి ‘క్రిస్’ సంస్థ ‘కాన్సర్ట్’ అను పద్ధతిని రచించి, 1994లో మొదట మన సికింద్రాబాదుననే నెలకొల్పెను. 1999 ఏప్రిలులో నయిదు కేంద్రములును ముడివడెను.

ఇందలి సూక్ష్మము వినుఁడు. అయిదు చిట్టాలను నొక్కటిగాఁ గలపలేదు. ఏ బండి లెక్క దాని కేంద్రముననే యుండును. సికింద్రాబాదు గుమాస్తా యడుగఁగనే ఢిల్లీ చిట్టా క్షణములో బదులు చెప్పి, యా పడకను తానే వ్రాసికొనును. వ్రాయు చేయి యొక్కటియే గనుక నొక పడక యిద్దరికి దక్కదు.

పొరుగూరి లెక్కను తాను దిద్దక, యా యూరి కరణము నడిగి తెలిసికొనుటయే మన పెద్దల మర్యాద. యంత్రములును నా మర్యాదనే పాటించినవి. అందుచేతనే నేఁటి వృద్ధుఁడు తిరుగు టిక్కెట్టు చేతఁబట్టుకొని నిశ్చింతగాఁ గాశికిఁ బోవుచున్నాఁడు.