కొండపిండి: మన గట్ల మీది మొక్కకు అరబీ పేరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొలం గట్లు, తోటల అంచులు, కొండవాలు బీళ్లలో కనిపించే చిన్న మొక్క కొండపిండి. పిండికూర, తెలగపిండి ఆకు అని కూడా అంటారు. మూత్రపిండాల్లో రాళ్లున్నాయని తెలిస్తే చాలామంది ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఇదే.

ఎలా గుర్తుపట్టాలి?

ఇది తోటకూర కుటుంబానికి చెందింది. అడుగు నుంచి రెండడుగుల వరకు పెరుగుతుంది, ఒక్కోసారి నేల మీదే పాకుతుంది. వేరు గట్టిపడి ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ వేరు నలిపితే కర్పూరం వాసన వస్తుంది. ఆకులు చిన్నవి. కాడకీ, ఆకు అడుగుభాగానికీ పిండి చల్లినట్టు తెల్లటి నూగు ఉంటుంది. ఆకు మొదట్లో తెల్లటి చిన్న పూలగుత్తులు కాస్తాయి. లోపల నల్లగా మెరిసే గింజ ఉంటుంది. నూగు వల్ల ఆకులోని తడి త్వరగా ఆరిపోదు, అందుకే రాతినేలలో, ఎండలో కూడా నిలబడుతుంది. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల మీద పూసే ఎడెల్వైస్‌కీ ఇలాంటి ఉన్ని కప్పే రక్షణ.

పేరు ఎక్కడిది?

దీని శాస్త్రీయ నామం ఏర్వా లనాటా. లనాటా అంటే లాటిన్‌లో ఉన్ని కలది. ఏర్వా మాత్రం అరబీ పేరు నుంచి వచ్చింది. డెన్మార్క్ రాజు పంపిన యాత్రలో ఈజిప్టు, యెమెన్ తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ ఫోర్స్కాల్ అక్కడివాళ్లు మొక్కల్ని పిలిచే పేర్లు రాసుకున్నాడు. 1763లో యెమెన్‌లోనే జ్వరంతో చనిపోయాడు. ఆయన రాతలు 1775లో పుస్తకంగా వచ్చాయి, ఏర్వా పేరు అందులోదే. ఈ జాతిలోని మరో మొక్క అరబ్బు ఎడారుల్లో పెరుగుతుంది. దాని దూదిని దిండ్లలో, జీనుల్లో కూరేవారు. యునానీ వైద్యంలో కొండపిండిని బిసహరీ బూటీ అంటారు.

వాడకం, జాగ్రత్త

లేత ఆకుని పప్పులో వేస్తారు, వేపుడు చేస్తారు. మూత్రం సాఫీగా రావడానికి, రాళ్లు కరగడానికి కషాయం తాగడం పాత అలవాటు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కొంత మేలు కనిపించింది. అంతమాత్రాన మనుషులకు ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది తేలినట్టు కాదు. దుకాణంలో కొనేటప్పుడూ చూసుకోవాలి. పాషాణభేది పేరుతో కొండపిండినీ అమ్ముతారు, హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క వేరునీ అమ్ముతారు.

శ్రీకాకుళం జిల్లా వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బు రాళ్ల జబ్బు కాదు. రాయి అయితే నొప్పి పెట్టి చెబుతుంది. ఈ జబ్బులో కిడ్నీ మెల్లగా, నొప్పి లేకుండా దెబ్బతింటుంది. కషాయం తాగుతూ నెలలు గడిపితే పోయిన కిడ్నీ శక్తి తిరిగి రాదు. పైగా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండెకే ప్రమాదం. ఆకుకూరల్లో పొటాషియం ఉంటుంది కాబట్టి ఏది ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయిస్తే విషయం తెలుస్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. జ్వరంతో కూడిన నడుంనొప్పి, మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం వంటివి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు అడగకుండా కషాయం మొదలుపెట్టకూడదు. ఇప్పటికే తాగుతున్నవాళ్లు ఆ మాట డాక్టరు దగ్గర దాచకూడదు.