మాధవాయిపాలెం గుడ్డ: వర్తకమూ జాతుల వైవిధ్యమూ

ప్రపంచమంతా ఒకే విపణిగా మారుతున్నదనీ, దీనితో జాతుల మధ్య గల భాషా వేషాచారాల తేడాలు చెరిగిపోగలవనీ చాలామంది ఆందోళన చెందుతున్నారు. ప్రపంచీకరణ అనే మాట కొత్తదే గాని, ఆ అనుభవం గోదావరి డెల్టాకు కొత్తది కాదు. నాలుగు వందల సంవత్సరాల క్రితమే ఈ సీమ ప్రపంచ విపణిలో పాలుపంచుకొన్నది. ఆనాడు మనకు నిలిచినదేమిటి, పోయినదేమిటి, అది ఎందువల్ల పోయింది అని విచారిస్తే నేటి ప్రశ్నకు కొంత సమాధానం లభిస్తుంది.

నరసాపురాన్ని ఆనుకొని మాధవాయిపాలెం అనే ఊరున్నది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది. తెల్లవారి నోట ఆ పేరు ‘మదపొల్లాం’ అయింది. ఈ ప్రాంతపు సాదా నూలు గుడ్డ ఆ పేరుతోనే ఓడలెక్కింది. నేటికీ ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ నిఘంటువులలో ఆ మాటకు ఒక రకం నూలు గుడ్డ అనే అర్థమున్నది. కాని తరువాతి కాలంలో ఆ పేరుతో గుడ్డ నేసినవి ఐరోపా మిల్లులు. ఊరి పేరు ప్రపంచానికి మిగిలింది. ఊరి మగ్గానికి మాత్రం ఆ బేరం మిగలలేదు. ఈ రెంటి మధ్య జరిగినదే మన చరిత్ర.

ఇచ్చిపుచ్చుకొన్న కాలం

ఈ సీమకు బయటి లోకంతో సంబంధం ఐరోపా వారితో మొదలుకాలేదు. రాజమహేంద్రవరంలోని పాత మసీదు ద్వారంపై గల పారశీక శాసనం క్రీ.శ. 1324 నాటిది. 16వ శతాబ్దం ఉత్తరార్ధంలో గోదావరి సీమ గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. ఆనాటి సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి, వారి నోట ‘మల్కిభరాముడు’ అయినాడు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చినాడు.

గోల్కొండ ఏలుబడిలో డచ్చివారు పాలకొల్లు, ద్రాక్షారామం మొదలైన చోట్ల వర్తక స్థావరాలు పెట్టుకొన్నారు. నరసాపురం రేవులో పెద్ద ఓడలు తయారయ్యేవి. మచిలీపట్నం నుండి ఎర్రసముద్రానికి సాగిన ఓడలలో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ ప్రయాణించేవారు. కోస్తా గుడ్డకు ఎర్రరంగునిచ్చిన చిరివేరు మన ఇసుక నేలలలో దొరికేదే. ఆ రంగు అద్దే పనికి ‘కలంకారీ’ అన్న పేరు పారశీకం నుండి వచ్చింది. ఇరాను కొనుగోలుదారు కోరిన నమూనా వేరు, జావా వారు కోరిన నమూనా వేరు. ఎవరి అభిరుచికి తగినది వారికే తయారయ్యేది. పరదేశంతో బేరం అభిరుచులను ఏకం చేయలేదు సరిగదా, ఒక్కొక్క దేశపు అభిరుచికి ఒక్కొక్క పనితనాన్ని పెంపొందించింది.

భాష విషయమూ అంతే. రుమాలు, దర్జీ, జరీ, దుకాణం, కాగితం వంటి మాటలు తెలుగులో చేరినవి. తెలుగు తెలుగుగానే ఉన్నది. పత్తి ఏకే వృత్తితో పేరు వచ్చిన దూదేకుల ముస్లిములు తరతరాలుగా తెలుగునే మాతృభాషగా నిలుపుకొన్నారు. కల్మా చదివినందుకు ఇంటిభాషను విడువవలసిన అవసరం వారికి కలుగలేదు.

మన గుడ్డ ధాటికి భయపడినది ఐరోపాయే. అద్దకపు గుడ్డలను ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టాలతో అడ్డుకొన్నది.

తరాజు ఒరిగిన కాలం

ఆ రోజుల్లో నేతగాడి బలం ఒక చిన్న ఆచారంలో ఉన్నది. వర్తకుడు బయానా ముందుగా ఇచ్చేవాడు. బేరం నచ్చకపోతే నేతగాడు ఆ సొమ్ము తిరిగి ఇచ్చి మరొకరికి నేయవచ్చు. కొనేవారిలో డచ్చివారు, ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు, స్వదేశీ వర్తకులు ఉండడంచేత ఆ మాట చెల్లింది.

1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుండి మచిలీపట్నం కోటను పట్టుకొన్నారు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారా ఉత్తర సర్కారులు పొందారు. దీనితో కొనేవాడే పాలకుడైనాడు. ఇంజరం, మాధవాయిపాలెం స్థావరాల కింద నేతగాళ్ళపై బంట్రోతుల కాపలా వచ్చింది. బయానా తిప్పి ఇచ్చే వెసులుబాటు పోయింది. నేతగాళ్ళు అర్జీలు పెట్టుకొన్నారు. మగ్గాలు ఆపి ఊళ్ళు విడిచిపోయిన సందర్భాలూ ఉన్నవి. 1813 చట్టంతో కంపెనీ గుత్త హక్కు తొలగి మిల్లు గుడ్డకు దారి తెరుచుకొన్నది. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది. బలవంతాన నేయించినవారే చివరకు కొనడం మానుకొన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి వరిసాగు విస్తరించింది. గుడ్డతో పేరుపొందిన డెల్టాకు ధాన్యంతో పేరు వచ్చింది.

ఖుర్ఆన్ చూపే కొలమానం

ఈ రెండు కాలాల తేడాను మనం ఏ కొలమానంతో కొలవాలి? భాషలు, వర్ణాలు వేరుగా ఉండడం దైవ సూచనలలో ఒకటని దివ్యఖుర్ఆన్ 30వ సూరా 22వ ఆయతు తెలుపుతున్నది. మానవులు జాతులుగా, తెగలుగా చేయబడినది పరస్పర పరిచయం కొరకని 49వ సూరా 13వ ఆయతు బోధిస్తున్నది. వర్తకం పరస్పర సమ్మతితో జరగాలని 4వ సూరా 29వ ఆయతు ఆదేశిస్తున్నది. పరిచయానికి ఇద్దరు కావాలి, సమ్మతికీ ఇద్దరు కావాలి. కాదనగల శక్తి ఒకరికి లేనప్పుడు వర్తకమూ మిగలదు, పరిచయమూ మిగలదు.

కాబట్టి పరాయి వస్తువు, పరాయి మాట వచ్చినంత మాత్రాన సంస్కృతి నశిస్తుందనడం సరికాదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ పేరు పారశీకం. నేత మన కోస్తాది.

ఈ కొలమానం మనవారికీ వర్తిస్తుంది. 1973 చమురు ధరల పెరుగుదల తరువాత గల్ఫ్ దేశాలకు వలసలు విస్తరించినవి. గోదావరి జిల్లాల నుండి కువైట్ మొదలైన దేశాలకు ఇంటిపనికై వెళ్ళినవారిలో స్త్రీలెందరో ఉన్నారు. అక్కడి ‘కఫాలా’ పద్ధతి కార్మికుని ఉనికిని యజమాని పూచీకి ముడిపెట్టింది. కొన్ని దేశాలు ఇటీవల దానిని సడలించినవి. ఫిఖ్‌హ్‌లో కఫాలా అంటే ఒకరి బాధ్యతకు మరొకరు పూచీపడడం. బలహీనునికి అండగా ఉండవలసిన ఆ మాట, పని మానుకొనే హక్కును అడ్డగించేదిగా మారితే, అది బయానా తిప్పి ఇవ్వలేని నేతగాడి స్థితి కాదా? పాలకుడు కంపెనీ దొర అయినా, కల్మా చదివినవాడైనా తరాజు ఒక్కటే.

అక్కడి నుండి వచ్చే వేషభాషలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. షరీఅత్‌కు విరుద్ధం కాని స్థానికాచారాన్ని ఫిఖ్‌హ్ పండితులు ‘ఉర్ఫ్’ పేరుతో మన్నించినారు. అరబ్బు దేశపు అలవాటు వేరు, దీన్ వేరు. తెలుగులో దుఆ చేసుకొనే తల్లి తన భాషకు సిగ్గుపడనక్కరలేదు. ప్రపంచంతో బేరం ఆడుదాం. కాదనే హక్కును మాత్రం మనం అమ్ముకోరాదు, మరొకరి వద్ద కొనరాదు.